రెన్, మార్టినుల వ్యాకరణము: తెలుగు బాలుర యింగ్లీషు

ఇంగ్లీషు చదువు ప్రవేశించిన తెలుగిండ్లలో పుస్తకముల బీరువా తెఱచి చూచినచో, రెన్, మార్టిను అను నిరువురు రచించిన ‘హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కాంపొజిషన్’ అను గ్రంథము తఱచుగా కానవచ్చును. అట్ట యూడి, అంచులు నలిగి, తండ్రి పేరు కొట్టివేసి కుమారుని పేరును, దాని క్రింద కుమార్తె పేరును వ్రాసికొన్న ప్రతులు నే నెన్నియో చూచితిని. ఒక పాఠ్యపుస్తకము పేరు తరతరముల నోట వ్యాకరణమను మాటకు పర్యాయపద మగుట సామాన్యవిషయము గాదు. అట్టి గ్రంథమును మనవారు ప్రశంసించుటయే కాని పరీక్షించుట యరుదు. కావ్యములను విమర్శించు పత్రికలు బాలుర చేతి పుస్తకములను విమర్శింపకుండుట నాకు వింతగా దోచును. కావ్యము నచ్చనివాడు దానిని మూసి పెట్టవచ్చును. పాఠ్యపుస్తకము నచ్చని బాలున కా స్వాతంత్ర్యము లేదు.

గ్రంథకర్తలలో పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ నవలారచయితగా ప్రసిద్ధుడు. 1924లో వెలువడిన ‘బో జెస్ట్’ అను నవల యతనిదే. బొంబాయి రాజధానిలో విద్యాశాఖయందు కొన్నియేండ్లు పనిచేసినవాడు, 1941లో మరణించెను. ఈ వ్యాకరణము 1930ల నడిమికాలమున బయలుదేరినది. తరువాత ఎన్. డి. వి. ప్రసాదరావుగారు దానిని సంస్కరించి నేటి రూపమునకు తెచ్చిరి. గ్రంథమునందలి గుణములను ముందు చెప్పుట న్యాయము. లక్షణములు సంక్షిప్తములు, లక్ష్యములు సులభములు, అభ్యాసములు సమృద్ధములు. ఉపాధ్యాయుడు రాని దినమునగూడ బాలుడు తనంత తాను పుట తిప్పి పనిచేసికొనగలడు. గ్రంథాలయము లేని పల్లెటూరి పాఠశాలలో ఇది చిన్న యుపకారము గాదు. నేనును నా తరగతికి ఆ యభ్యాసములనుండి యిప్పటికిని వాక్యములు తీసికొనుచునే యున్నాను.

అయిన నీ గ్రంథ మెట్టి బాలుని మనసున నుంచుకొని సాగినది? పుటలు తిప్పినకొలది నాకు తోచున దొక్కటే. ఇంగ్లీషు ముందే వచ్చిన బాలుని కిది తగినది. వాడు మాటాడుచున్న మాటలకు పేళ్ళు చెప్పుటయే దీని ప్రధానకార్యము. ఇది నామవాచకము, ఇది సర్వనామము, ఇది సకర్మకక్రియ, ఇది యుపవాక్యము అని వింగడించి చూపును. భాష నోటనున్నవాని కీ వింగడింపు బుద్ధిని పదును పెట్టును. భాష నోట లేనివానికి, చూడని యూరిలోని వీథుల పేళ్ళను వల్లించినట్లే యుండును.

విభక్తిప్రకరణమును చూడుడు. ఇంగ్లీషు నామవాచకమునకు కర్తృవిభక్తి, కర్మవిభక్తి, షష్ఠి యని చెప్పి, సంబోధనమునుగూడ పేర్కొందురు. రామశబ్దమును వల్లించినవాని కిచ్చట సందేహము కలుగక మానదు. సంస్కృతమున నెనిమిది విభక్తులు, మూడు వచనములు గలిసి 24 స్థానములు; అందు రూపము మాఱుచుండుటచేతనే విభక్తి యను పేరు సార్థకము. ఇంగ్లీషున ‘బాయ్’ అను మాట కర్త యైనను కర్మ యైనను ‘బాయ్’ గానే యుండును. షష్ఠియందు మాత్రమే దానికి ప్రత్యయము. మాఱని రూపమునకు మాఱినట్లు పేళ్ళు పెట్టుట లాటిన్ వ్యాకరణమునుండి దిగివచ్చిన యలవాటు. 1762లో రాబర్ట్ లౌత్, 1795లో లిండ్లీ మఱ్ఱే రచించిన వ్యాకరణము లాంగ్లదేశపు పాఠశాలల నేలినవి. మఱ్ఱే తన గ్రంథమును యార్కు నగరములోని యొక బాలికా పాఠశాల యుపాధ్యాయినుల కోరికమీద వ్రాసెనట. ఆ పరంపరయే నెస్‌ఫీల్డు మొదలగువారి గ్రంథముల ద్వారమున మనదేశమునకు వచ్చినది. డేనిష్ పండితుడగు ఆటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన ‘ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ అను గ్రంథమున ఈ లాటిన్ విభక్తులను గట్టిగా ఖండించెను. ఆ ఖండనము పండితులలో నిలిచినది. పాఠశాలలకు నడచి రాలేదు.

పాణిని కారకము వేఱనియు, విభక్తి వేఱనియు నేర్పఱచినాడు. కారకము క్రియతో గల సంబంధము. విభక్తి యా సంబంధమును తెలుపు రూపము. ఈ భేద మెఱిగిన యుపాధ్యాయుడు తెలుగు బాలునికి రెండుమాటలలో చెప్పగలడు. ‘రాముడు రావణుని చంపెను’ అన్నను, ‘రావణుని రాముడు చంపెను’ అన్నను తెలుగున నర్థము మాఱదు. ‘ని’ అను ప్రత్యయము కావలి కాయుచున్నది. ఇంగ్లీషున ఆ కావలివాడు లేడు. మాట నిలుచు చోటే విభక్తి. చోటు మార్చితిమా, రావణుడే రాముని చంపును. ఈ యొక్కమాట బాలుని మనసున నాటినచో, కర్మవిభక్తి యను పేరు పదియేండ్లు తెలియకున్నను వానికి నష్టము లేదు. ఆ గ్రంథమున ఈ పోలిక లేదు. ఉండుటకును వీలులేదు, గ్రంథకర్తలు తెలుగును తలచి వ్రాసినవారు గారు గనుక.

ఇచ్చట పతంజలి మహాభాష్యములోని యొక యుపమానము జ్ఞప్తికి వచ్చుచున్నది. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోయి కుండ చేసిపెట్టుమని యడుగును; మాట కావలసినవాడు వైయాకరణు నింటికి పోయి మాటలు చేసిపెట్టుమని యడుగడు. మాటలు లోకమున నున్నవి. వ్యాకరణము వానిలో సాధు వేదియో యసాధు వేదియో తెలుపును. ఇది యాయన యభిప్రాయము. స్వభాష విషయమున నిది యక్షరసత్యము. కాని మన బాలుని గతి యేమి? వాని వీథిలో ఇంగ్లీషు లేదు, ఇంట లేదు, అంగడిలో లేదు. వాడు నిజముగా వైయాకరణు నింటికే కుండకై పోవుచున్నాడు. అచ్చట నా పండితుడు కుండ నీయక, కుండలు పండ్రెండు విధములని చెప్పి పంపివేయుచున్నాడు. పరభాషకు వలయు వ్యాకరణము స్వభాషావ్యాకరణముకంటె జాతిచేతనే వేఱైనదని పలుకుట కింతకంటె వేఱు సాక్ష్యము నా కక్కఱలేదు.

ఈ సంగతి ఇంగ్లీషువా రెఱుగనిది గాదు. వారు తెలుగు నేర్వవలసి వచ్చినప్పు డేమి చేసిరి? 1816లో కాంబెలు, 1840లో బ్రౌను, 1873లో ఆర్డెను తమవారి కొఱకు వేఱుగా తెలుగు వ్యాకరణములు వ్రాసికొనిరి. చిన్నయసూరిగారి బాలవ్యాకరణ మెంత సుందరమైన గ్రంథమైనను, సంజ్ఞా పరిచ్ఛేదముతో నారంభించి సంధిలోనికి దిగు ఆ గ్రంథమును చదివి యొక దొర మన యింట దాహమునకు నీళ్ళడుగజాలడు. అది తెలుగు వచ్చినవానికి తెలుగును గూర్చి చెప్పు శాస్త్రము. ఆర్డెను తన గ్రంథమును ఇంగ్లీషు తెలిసినవాని కష్టము నెఱిగి, మెట్టుమెట్టుగా, వాడుకమాటను గ్రాంథికమునుండి వేఱుచేసి చూపుచు వ్రాసెను. తమకు ఆర్డెను వంటి పుస్తకము నేర్పఱచుకొన్న జాతియొద్దనుండి మనము బాలవ్యాకరణము వంటిదానిని పుచ్చుకొని, అదియే చాలునని కూర్చుంటిమి. తప్పు వారిది గాదు. మనకు గావలసినది మనమే వ్రాసికొనవలసి యుండెను.

ఆ భేద మెట్టిదో యొక ప్రకరణమున నిదానముగా చూతము. ఇంగ్లీషు నామవాచకములకు ముందు వచ్చు ‘ఎ’, ‘ది’ అను నుపపదములు తెలుగు బాలుర ప్రాణములు తీయును. రెన్, మార్టినులు, నిర్దిష్టవస్తువును గాని పూర్వోక్తవస్తువును గాని చెప్పునప్పుడు ‘ది’ వాడవలెనని యొక పంక్తి వ్రాసి, తరువాత నదులకు, సముద్రములకు, పర్వతపంక్తులకు, ద్వీపసమూహములకు ‘ది’ వచ్చునని పట్టిక వేసినారు. పరీక్షలో పర్వతములు వచ్చును గనుక బాలుడు పర్వతములనే వల్లించును. వాడు దినమునకు నూఱుమారులు వాడవలసినది మాత్రము తలుపు, బల్ల, పుస్తకము, ఆవు.

తెలుగున నిట్టి యుపపదములు లేవు గనుక నేర్పుట దుర్ఘటమని యుపాధ్యాయులు నిట్టూర్చుదురు. నే నొప్పుకొనను. ‘ఒక కాపు ఒక యెద్దును కొనెను. ఆ యెద్దు కుంటిది.’ ఈ రెండు వాక్యములలో ‘ఒక’ యనుచోట ఇంగ్లీషున ‘ఎ’ వచ్చును. ‘ఆ’ యనుచోట ‘ది’ వచ్చును. కథ చెప్పు ముసలమ్మ కీ సూత్రము తెలియును. తెలుగు మౌనముగా నుండుచోటనే చిక్కు. ‘తలుపు మూయుము’ అనుచో మన మే యుపపదమును వాడము. అప్పుడు బాలు నొక ప్రశ్న యడుగవలెను: ఈ మాట విన్నవాడు ‘ఏ తలుపు?’ అని యడుగునా? గదికి తలుపొక్కటియే యున్నప్పు డడుగడు. అడుగవలసిన పని లేనిచోట ‘ది’. ‘బజారునుండి తలుపు కొని తెచ్చినాడు’ అన్నచో, ఏ తలుపో వినువానికి తెలియదు, అచ్చట ‘ఎ’. వినువాని మనసును చూచి పెట్టవలసినదే యీ యుపపదము. ఈ ప్రశ్నను పదిదినములు నోట నాడించినచో ఆఱవ తరగతి పిల్లలు సైతము తఱచు సరిగా చెప్పుట నేను చూచితిని.

మఱియొక సూక్ష్మమును గలదు. ‘పుస్తకము కొంటిని’, ‘పుస్తకమును కొంటిని’ అను రెంటికిని మన చెవి కొంచెము భేదమును పట్టును. జడవస్తువునకు ద్వితీయాప్రత్యయము చేర్చినప్పుడు, ముందే తెలిసిన పుస్తక మను స్ఫురణ కలుగుట తఱచు. అనగా ఇంగ్లీషువాడు ‘ది’తో చేయు పనిలో కొంతభాగము మన ‘ను’ కారము చేయుచున్నది. తెలుగు వ్యాకరణమును ప్రేమతో చదివినవాని కిట్టి ద్వారములు పెక్కు కనబడును. అందుచేతనే ఇంగ్లీషు బోధించువాడు తెలుగుపండితుని సరసన కూర్చుండుట కవమానముగా తలపరాదని నేను తోడి యుపాధ్యాయులతో వాదింతును. ఇక పిల్ల బడికి పోవుట ‘గో టు స్కూల్’, తండ్రి జీతము కట్టుటకు బడికి పోవుట ‘గో టు ది స్కూల్’ అను భేదము మాత్రము పోలికకు లొంగదు, వల్లించి తీరవలసినదే.

తక్కిన చిక్కులను త్వరగా సూచింతును. ‘నిన్న చూచినాను’, ‘ఇప్పుడే చూచినాను’ అను రెండుచోట్లను తెలుగుక్రియ యొక్కటే. కావున బాలుడు ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అనును. నిన్నతోడి కాలవాచకము ఆ క్రియారూపముతో పొసగదని గ్రంథము హెచ్చరించుచున్నది. కాని ఆ తప్పు మన భాషలో నెచ్చటనుండి పుట్టినదో చెప్పదు. ‘నాకు తెలియును’, ‘నాకు ఆకలి యగుచున్నది’, ‘నాకు ఇద్దఱు తమ్ములు గలరు’ అని మనకు చతుర్థిలో నుండు అనుభవకర్త ఇంగ్లీషున ప్రథమలోనికి వచ్చి కూర్చుండును; ఈ యొక్క మార్పునకు విడిగా ప్రకరణము వలయును. తెలుగు ప్రశ్న వాక్యాంతమున నొక దీర్ఘముతో తీఱిపోవును: వచ్చినాడు, వచ్చినాడా. ఇంగ్లీషు ప్రశ్న ‘డు’ అను సహాయక్రియను పిలిచి, భూతకాలచిహ్నమును దానికి తగిలించి, ప్రధానక్రియను వట్టిచేతులతో విడుచును. అది తెలియక ‘డిడ్ యు కేమ్’ అందురు. ‘నీవు రాలేదా?’ అన్నచో మనము ‘అవును, రాలేదు’ అని ప్రశ్నించినవానితో నేకీభవింతుము. ఇంగ్లీషువాడు వాస్తవముతో నేకీభవించి ‘నో’ యనును. పెండ్లిపిలుపు విషయమున నీ భేదము తెలియక యపార్థములు కలుగుటయు గలదు.

యత్తచ్ఛబ్దముల సంగతి వేఱు. ‘వచ్చిన మనిషి’ అని మనము ధాతుజవిశేషణముతో చెప్పుదానిని ఇంగ్లీషు ‘ఎవడు వచ్చెనో వాడు’ అను మార్గమున చెప్పును. సంస్కృతము చదివిన బాలునికి ‘యః’, ‘సః’ అనునవి ముందే తెలిసియుండుటచే ఇది చప్పున పట్టుబడును. దేవభాష చదివినవారి కింగ్లీషు రాదను నపవాద మిచ్చట చెల్లదు.

ఇక గ్రంథముయొక్క బలహీనస్థలము వాక్యపరివర్తనాభ్యాసములు. కర్తరిని కర్మణిగా మార్చుము. ప్రత్యక్షకథనమును పరోక్షముగా మార్చుము. కర్మణిప్రయోగ మెందులకు? కర్త తెలియనప్పుడు గాని చెప్ప నక్కఱలేనప్పుడు గాని ఇంగ్లీషువాడు దాని నాశ్రయించును. తెలుగున మనము కర్తను మాని బహువచనక్రియతో సరిపెట్టుకొందుము: ‘ఈ దారిలో చెట్లు కొట్టివేసిరి.’ ఎవరు కొట్టిరని యెవరు నడుగరు. ఈ రెండు రీతులను జత చేసి చూపినచో కర్మణి యొక్క ప్రయోజనము కన్నుల గట్టును. గ్రంథమున ఆ ప్రయోజనమును గూర్చిన మాట యున్నది; పరీక్షాపత్రములు దానిని మఱచి, కర్త స్పష్టముగా నున్న వాక్యములనే తలక్రిందులు చేయించుచున్నవి. బాలు డా గారడి నేర్చి, ఎచ్చట వాడవలెనో యెఱుగక బయటపడును. ఇంతటితో పోయినను బాగుండెడిది. ఆ గారడి తెలుగులోనికిని వచ్చినది. సభ జరుపబడును, రుసుము వసూలు చేయబడును అని మన ప్రకటనలు నింపుచున్న ‘బడు’ ధాతువు చాలవఱ కీ యభ్యాసముల సంతానమే యని నా యనుమానము.

ఇన్ని దోషము లున్నవి గనుక వ్యాకరణమునే విడువుడని చెప్పు పక్షమొకటి గలదు. ఆ పక్షమున గౌరవింపదగిన ప్రయత్నము మన పొరుగుననే జరిగినది. 1979 మొదలు 1984 వఱకు ఎన్. ఎస్. ప్రభుగారు బెంగుళూరు ప్రాంతమున, వ్యాకరణపాఠములు లేకయే, పటము చదువుట, కాలపట్టిక చూచి లెక్క తేల్చుట వంటి పనులద్వారమున ఇంగ్లీషు నేర్పించి చూచిరి. దాని వృత్తాంతము 1987లో ‘సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ’ యను గ్రంథముగా వెలువడినది. బాలుని దృష్టి యర్థముమీద నున్నప్పుడు వ్యాకరణము లోలోపల పట్టుపడునని వారి సిద్ధాంతము. బాలుని పట్ల నిది చాలవఱకు నా కంగీకారమే. అయిన నా పనులను కూర్చి, బాలుని తడబాటును విని, ఎచ్చట వాక్యమును సరిచేసి యందింపవలెనో నిర్ణయించు నుపాధ్యాయునికి వ్యాకరణము రాకున్న నా పద్ధతి యొక్క దినము నిలువదు. బాలునికి సూత్రములు తగ్గినకొలది యుపాధ్యాయునికి శాస్త్రము పెరుగవలెను. మన పాఠశాలలలో దీనికి విపర్యాసము జరుగుచున్నది: బాలునికి చెప్పు సూత్రమే యుపాధ్యాయుని విద్యకు నెల్లయై యున్నది.

కావున ఉపాధ్యాయు డేమి చదువవలెను? జపానులో ఇంగ్లీషు నేర్పిన హారాల్డ్ పామరును, ఆయన వెనుక హార్న్‌బీయును పరదేశీయుని కష్టమును కన్నులార చూచి పనిచేసినవారు. 1942లో టోకియోలో వెలువడిన హార్న్‌బీ నిఘంటువు, ఏ క్రియకు తరువాత ఎట్టి వాక్యనిర్మాణము వచ్చునో సంఖ్యలు వేసి చూపినది. మాటకు అర్థము చెప్పి యూరకుండక, మాటను వాడు దారి చెప్పినది. ప్రసాదరావుగారు సంస్కరించిన రెన్, మార్టినులలో ఇట్టి క్రియావాక్యరీతులకు చోటు దొరకినది. ఆ గ్రంథమున పరభాషీయునికి నిక్కముగా పనికివచ్చు భాగ మదియే. మా తరగతులలో దానిని చదివించువారు తక్కువ, పరీక్షలో రాదు గనుక. 1980లో వచ్చిన మైకేల్ స్వాను గ్రంథము, 1985లో వచ్చిన రేమండ్ మర్ఫీ గ్రంథము ఈ మార్గముననే నడచినవి; అయిన నవి సకలదేశీయులకు ఉమ్మడిగా వ్రాసినవి. తెలుగువాని ప్రత్యేకమైన తడబాటు వానిలో నుండదు. హైదరాబాదున 1958లోనే ఇంగ్లీషు బోధనకై కేంద్రసంస్థ యేర్పడినది, నేడది విశ్వవిద్యాలయము. అచ్చట తెలుగు, ఇంగ్లీషుల తారతమ్యమును గూర్చి పండితులు పరిశ్రమించిరి. ఆ ఫలము పల్లెపాఠశాల బల్లమీదికి దిగుటకు తెలుగులో వ్రాసిన పుస్తకము కావలెను.

తెలుగులో వ్రాసిన దనగానే కొందఱు గృహస్థులు ముఖము చిట్లింతురు. ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినబడినచో పిల్లవాని చదువు చెడునని వారి భయము. 1851లో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు సంస్కృతవ్యాకరణమునే బంగాళీలో వ్రాసి ‘ఉపక్రమణిక’ యని ప్రకటించి, ముగ్ధబోధమును వల్లించుటలో బాలురకు పోవు నేండ్లను మిగిల్చిరి. దానివలన సంస్కృతమునకు గౌరవము తగ్గలేదు, చదువువారు పెరిగిరి. పరభాషకు దారి మాతృభాష వాకిటినుండియే పోవును.

ఈ చర్చ పండితుల వినోదము గాదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019 నవంబరులో ప్రభుత్వపాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును విధించుచు నుత్తరువు లిచ్చెను. 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేసెను. తెలంగాణమున 2022-23వ విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వపాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. మాధ్యమమును గూర్చి వాదించుట కిది చోటు గాదు. ఏది యెట్లయినను, తల్లికి గాని తండ్రికి గాని ఇంగ్లీషు రాని యిండ్లనుండి వచ్చు పిల్లలు లెక్కయు, చరిత్రయు ఇంగ్లీషుననే వినుచున్న తరగతులు నేడు పెక్కు గలవు. వారిలో ‘నాకు తెలియును’ అనుటకు ‘ఐ యామ్ నోయింగ్’ అన్న బాలికను తోడిపిల్లలు నవ్వుదురు. ఆ బాలిక మఱునాటినుండి నోరు మెదపదు. ఆమె చెప్పిన వాక్యములో తెలివితక్కువ లేదు. తెలుగున ‘వచ్చుచున్నాను’, ‘చేయుచున్నాను’ అను వరుసను పట్టి, దానిని తెలియు ధాతువునకుగూడ వర్తింపజేసినది. అనగా ఒక సూత్రమును తానే కల్పించినది. ఇది బుద్ధిమంతులు చేయు తప్పు. దీనిని గుర్తించి, ‘నీ సూత్రము మంచిదే, ఈ కొన్ని క్రియలు మాత్రము దానికి లొంగవు’ అని చెప్పగల యుపాధ్యాయుని యెదుట నా బాలిక నిలుచును. గుర్తింపలేని యుపాధ్యాయుడు బెత్తమునో, నిట్టూర్పునో యాశ్రయించును. వ్యాకరణజ్ఞాన మెంత యున్నదో యింతలో తేలిపోవును.

మనకు కావలసిన పుస్తకము పెద్దది కానక్కఱలేదు. రెన్, మార్టినులలో మూడవవంతు చాలును. మొదటి ప్రకరణమున మాట నిలుచు చోటు, రెండవదానిలో ‘నాకు’ అను చతుర్థి ఇంగ్లీషున ఎన్ని వేషములు వేయునో, మూడవదానిలో ప్రశ్నయు, నిషేధమును, పిమ్మట ‘ఏది?’ యను ప్రశ్నతో నుపపదములు. అటుతరువాత ‘అని’ యను మన చిన్నమాట మోయు బరువును ఇంగ్లీషున ఎవరెవరు పంచుకొందురో. నామవాచకభేదములు చివర నొక పుటలో నుండవచ్చును. వ్రాయువాడు తెలుగు తల్లిభాషగా గల యుపాధ్యాయుడై, పిల్లల తప్పులను పదేండ్లయినను నోటుపుస్తకమున కెక్కించుకొన్నవాడై యుండవలెను. అభ్యాసముల పట్ల మాత్రము కొత్తదన మక్కఱలేదు. రెన్, మార్టినుల వాక్యములు చక్కనివి, వానిలో సగమునైనను తీసికొని, పక్కన తెలుగువాక్యము నుంచి వాడుకొనవచ్చును.